చివరిసారి తాకిన చేయి

చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతా వెదకినట్లు అని తెలుగువారి సామెత. పోయిన వస్తువు విషయంలోనే కాక, జరిగిన పొరపాటు విషయంలోనూ ఈ సామెత చక్కగా వర్తిస్తుంది. తప్పు ఎదుటివారి ఇంట ఉన్నదేమోనని వీధులన్నీ గాలించే మానవుడు తన గుమ్మం లోపలికి తొంగిచూడడానికి మాత్రం వెనుకాడతాడు. విజయవాడ వన్ టౌన్‌లో నివసించిన ఒక గణితోపాధ్యాయునికి ఈ సత్యాన్ని బోధించినది ఏ గ్రంథమూ కాదు. ఆయన సొంత కారు.

ఇంద్రకీలాద్రికీ కృష్ణాతీరానికీ ఆనుకొని ఉన్న వన్ టౌన్ నగరంలోని పాత భాగం. కాళేశ్వరరావు మార్కెట్ సందడి, సామారంగం చౌక్ కబుర్లు, రెండు రిక్షాలు ఎదురుపడితే ఒకటి వెనక్కు తగ్గవలసిన ఇరుకు వీధులు ఆ ప్రాంతానికి ప్రత్యేకతలు. అటువంటి వీధిలో ఒక అరుగు పక్కన మాస్టారి అంబాసిడర్ కారు నిలిచి ఉండేది. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును అనుసరించి, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1950ల చివర తయారుచేయడం ప్రారంభించిన వాహనమది. 2014లో ఉత్పత్తి ఆగిపోయేవరకు దాని రూపం పెద్దగా మారలేదు. మూత ఎత్తితే లోపలి భాగాలన్నీ చేతికందేంత విశాలంగా ఉండడం వల్ల, యజమానులు చిన్న చిన్న మరమ్మతులు స్వయంగా చేసుకోవడానికి ఉత్సాహపడేవారు. మాస్టారు కూడా అట్టివారిలో ఒకరు.

1994వ సంవత్సరం, మే నెల. బెజవాడ ఎండలు నిప్పులు కురుస్తున్న ఒక ఆదివారం ఉదయం మాస్టారు కారుకు సర్వీసు చేయడానికి ఉపక్రమించారు. ఇంజన్ ఆయిల్ మార్చారు. పాత స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీసి కొత్తవి బిగించారు. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు మార్చి, వాటి మధ్య ఖాళీని సన్నని రేకుల గేజితో కొలిచి సరిచేశారు. అరిగిన డిస్ట్రిబ్యూటర్ మూత స్థానంలో కొత్తది పెట్టారు. మధ్యాహ్నానికి పని ముగిసింది. పానాలు తుడిచి పెట్టెలో సర్దుకుంటున్నప్పుడు ఆయన ముఖంలో, కష్టమైన లెక్కను నల్లబల్లపై సాధించిన నాటి తృప్తి కనిపించింది.

ఆ తృప్తి సాయంత్రందాకా నిలవలేదు. ఇంజన్ స్టార్టయిందే కాని, కారంతా వణకసాగింది. 1957లో నిర్మాణం పూర్తయిన ప్రకాశం బ్యారేజీ మీదుగా సీతానగరం వైపు నడిపి చూశారు. ఆక్సిలరేటర్‌ను ఎంత తొక్కినా వేగం పుంజుకోలేదు. కార్బురేటర్ నుండి ఉండి ఉండి టపటపమన్న శబ్దాలు, సైలెన్సర్ నుండి కాలని పెట్రోలు వాసన! రిక్షా తొక్కేవారు సైతం దాటిపోతూ వెనుదిరిగి జాలిగా చూశారు.

మాస్టారు కారణాన్వేషణ ప్రారంభించారు. మొదట పెట్రోలులో కల్తీ జరిగిందని భావించి, ట్యాంకు ఖాళీచేయించి వేరే చోట నింపించారు. ప్రయోజనం లేకపోయింది. తీవ్రమైన వేడికి గొట్టంలోని పెట్రోలు ఆవిరై ఇంజన్‌కు అందకపోవడం వేసవిలో పాత కార్లకు కలిగే బాధ. పెట్రోలు పంపుపై తడిగుడ్డ వేయడం దానికి డ్రైవర్లెరిగిన చికిత్స. అదీ చేశారు, ఫలితం శూన్యం. తెల్లవారుజామున చల్లని వేళ కూడా కారు అట్లే వణికింది. అప్పుడాయనకు ఒక మాట స్ఫురించింది. నెల రోజుల క్రితం కార్బురేటర్ శుభ్రం చేసినవాడు కాలువగట్టున షెడ్డు పెట్టుకున్న ఒక యువకుడు. అతడొకప్పుడు మాస్టారి విద్యార్థే.

"చేతకాని చేతికి బండి అప్పగించాను. కార్బురేటర్ పాడుచేసి పెట్టాడు" అని ఆయన సామారంగం చౌక్ దగ్గర టీ కొట్టులో నలుగురి ఎదుట అన్నారు. ఉపాధ్యాయుని మాటకు ఆ వీధుల్లో విలువ ఎక్కువ. ఆ మాట ఒక నోటి నుండి మరొక నోటికి పాకింది. మరునాడు మరమ్మతుకు రావలసిన స్కూటరొకటి యువకుని షెడ్డుకు రాలేదు. ఆ మరునాడు ఒక జీపు వేరొక చోటికి మళ్లింది. కారు కార్బురేటర్ శుభ్రమైన తరువాత నెల రోజులపాటు చక్కగా నడిచిందన్న సంగతి మాస్టారికి తెలియనిది కాదు. తెలిసిన దానిని తలచుకోవడానికి ఆయన మనస్సు అంగీకరించలేదు.

వారం గడిచాక, ఆయన కారును మెల్లగా నడుపుకొంటూ నగరానికి తూర్పున ఉన్న జవహర్ ఆటోనగర్‌కు చేరారు. 1960లలో ఏర్పడిన ఆ ఆటోనగర్, ఆసియాలోని పెద్ద ఆటోనగర్‌లలో ఒకటిగా పేరు పొందింది. లారీల బాడీలు కట్టేవారు, ఇంజన్లు విప్పేవారు, లేత్ పనివారు, రేడియేటర్లు అతికేవారు, వేలాది కుటుంబాలు అక్కడి శ్రమపై ఆధారపడి జీవిస్తాయి. ఒక షెడ్డులో తల నెరసిన మేస్త్రి కారు చప్పుడు విన్నాడు. చేతిలోకి పానా తీసుకోలేదు. ఒకే ఒక ప్రశ్న వేశాడు.

"బండిని ఆఖర్న ముట్టుకున్నది ఎవరండీ మాస్టారూ?"

మాస్టారు క్షణకాలం తడబడ్డారు. "నేనే ముట్టుకున్నాను. ప్లగ్గులూ పాయింట్లూ మార్చాను. అవి సరిగానే ఉన్నాయి. జబ్బంతా కార్బురేటర్‌లో ఉంది. నెల కిందట ఒక కుర్రాడు..."

"కుర్రాడి సంగతి తర్వాత చూద్దామండీ. మీరు పని చెయ్యకముందు బండి బాగానే నడిచిందా?"

"నడిచింది."

"అయితే మీరు ముట్టుకున్నవే ముందు చూద్దాం."

మేస్త్రి ఇంజన్‌ను నిదానంగా తిరగనిచ్చి, చేతికి షాక్ తగలకుండా రబ్బరు పట్టుతో రెండవ సిలిండర్ ప్లగ్గు తీగెను లాగాడు. ఇంజన్ శబ్దంలో ఏ మార్పూ లేదు. తిరిగి తగిలించి, మూడవదాని తీగెను లాగాడు. అప్పుడూ మార్పు లేదు. దానిని కూడా తగిలించి, మొదటిదాని తీగెను లాగగానే ఇంజన్ ఒక్క కుదుపుతో ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేసి నాలుగవదానిని లాగినప్పుడూ అట్లే జరిగింది. పనిచేస్తున్న సిలిండర్ నుండి నిప్పురవ్వను తొలగిస్తే ఇంజన్ బలం తగ్గాలి. తొలగించినా తేడా లేదంటే, ఆ సిలిండర్ అంతకుముందే పనిచేయడం లేదని అర్థం. నాలుగింటిలో రెండే ఆ బరువంతా మోస్తున్నాయి!

ఈ పరీక్షలోని తర్కం మన శాస్త్రాలకు కొత్తది కాదు. ఒకటి ఉన్నప్పుడు రెండవది ఉండడం అన్వయం. మొదటిది లేనప్పుడు రెండవదీ లేకపోవడం వ్యతిరేకం. వంటయింట నిప్పున్నది, పొగ ఉన్నది. మడుగులో నిప్పు లేదు, పొగా లేదు. ఈ రెండు విధాల పరిశీలనతో కార్యకారణ సంబంధాన్ని నిర్ణయించాలని నైయాయికులు బోధించారు. ఆంధ్రుడని ప్రసిద్ధి చెందిన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో విద్యార్థులకు వివరించిన విషయమిదే. మేస్త్రి ఆ గ్రంథం పేరు విని ఉండకపోవచ్చు. కాని ఆ పద్ధతి అతని వేళ్ల కొనలలో ఉన్నది.

తరువాత మేస్త్రి చూపుడువేలితో తీగెల వరుసను చూపాడు. అంబాసిడర్ వంటి నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో నిప్పురవ్వ 1, 2, 3, 4 అన్న వరుసలో పడదు. 1, 3, 4, 2 అన్న క్రమంలో పడుతుంది. క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేలోపల ప్రతి సిలిండర్ లోనూ ఒక్కసారి ఇంధనం మండాలి. మాస్టారు డిస్ట్రిబ్యూటర్ మూత మార్చేటప్పుడు నాలుగు తీగెలనూ ఒక్కసారిగా ఊడదీశారు. తిరిగి పెట్టేటప్పుడు రెండవదానికి మూడవదాని తీగె, మూడవదానికి రెండవదాని తీగె తగిలించారు. ఈ రెండింటి వంతుల మధ్య దూరం సరిగ్గా ఒక చుట్టు. అందువల్ల ఆ రెండింటిలోనూ ఇంధనం నొక్కుకొని సిద్ధంగా ఉన్నప్పుడు నిప్పు రాలేదు. లోపలి కవాటం తెరుచుకొంటున్న వేళ వచ్చింది. కార్బురేటర్‌లో టపటపలకూ, కాలని పెట్రోలు వాసనకూ, కారు వణకడానికీ కారణమదే. మేస్త్రి రెండు తీగెలను అటుదిటు, ఇటుదటు మార్చాడు. ఇంజన్ పాత సవ్వడితో హాయిగా తిరగసాగింది.

"ఒక తీగె తీశాక, దాన్ని కొత్త మూతకి పెట్టి అప్పుడు రెండోది తియ్యాలండీ. మాకూ ఇట్లాంటివి మొదట్లో జరిగినవే" అన్నాడు మేస్త్రి ఓదార్పుగా. ఆయిల్ ఫిల్టర్ మార్చినప్పుడు పాత రబ్బరు చుట్టు ఇంజన్‌కే అంటుకొని ఉండడం గమనించక, దానిపైనే కొత్తది బిగిస్తే ఆయిల్ కారిపోతుందనీ, రేడియేటర్ నీళ్లు మార్చినప్పుడు లోపల గాలి చిక్కుకుంటే ఇంజన్ వేడెక్కిపోతుందనీ, బ్యాటరీ తీగె వదులుగా బిగిస్తే స్టార్టరు తిరగదనీ చెప్పాడు. వేడి మీద ఉన్న రేడియేటర్ మూతను మాత్రం ఎన్నడూ తెరవవద్దని హెచ్చరించాడు. మరమ్మతు తరువాత పుట్టిన జబ్బుకు మందు, చాలావరకు, ఆ మరమ్మతులోనే దొరుకుతుందన్నది అతని అనుభవసారం.

తిరుగు ప్రయాణంలో కారు మెత్తగా సాగుతున్నా మాస్టారి మనస్సు కుదుటపడలేదు. లెక్క తప్పిన విద్యార్థి పుస్తకంలో జవాబే తప్పని వాదించినప్పుడు, "ముందు నీవు రాసిన చివరి వరుస చూడు, నాయనా" అని ఆయన తరగతిలో ఎన్నిసార్లు అన్నారో! తన వంతు వచ్చినప్పుడు ఆ చివరి వరుసను ఆయన చూడలేదు. రెండు తీగెలు తారుమారు కావడం పొరపాటు. దాని భారాన్ని పేదవాని నెత్తిన వేయడం అపరాధం. మొదటిదానిని మేస్త్రి ఒక నిమిషంలో సరిచేశాడు. రెండవదానిని సరిచేయవలసినది తానే.

ఆ సాయంత్రం మాస్టారు నేరుగా ఇంటికి వెళ్లలేదు. వారం క్రితం ఏ టీ కొట్టులో మాట తూలారో అక్కడికే వెళ్లారు. "ఆ కుర్రాడి పనిలో లోపం లేదు. తీగెలు తప్పుగా పెట్టింది నేను. నా తప్పు అతనిపై వేశాను" అని అందరూ వినేటట్లు చెప్పారు. అక్కడినుండి కాలువగట్టుకు వెళ్లి యువకునితో అదే మాట అన్నారు. అతడు తలవంచుకొని చాలాసేపు చేతులు తుడుచుకొన్నాడు.

"మీరు అన్నారంటే నిజమేనేమో అనుకున్నానండీ మాస్టారూ. కార్బురేటర్ ఎక్కడ తప్పు బిగించానా అని మూడు రాత్రులు ఆలోచించాను" అన్నాడు.

నిందకన్నా ఆ మాట మాస్టారిని ఎక్కువగా బాధించింది. తప్పు చేయనివాడు మూడు రాత్రులు తన పనిని తాను పరీక్షించుకొన్నాడు. చేసినవాడు ఒక్క పూటయినా పరీక్షించుకోలేదు. యువకుడు లోపలికి వెళ్లి తెల్లరంగు డబ్బా, సన్నని కుంచె తెచ్చాడు. కారు మూత ఎత్తి, నాలుగు తీగెల మీదా వరుసగా 1, 2, 3, 4 అని అంకెలు వేశాడు. "ఇంక తప్పవండీ" అన్నాడు. పోయిన బేరాలు ఒక్కొక్కటిగా తిరిగి రావడానికి మరికొంత కాలం పట్టింది. అనగలిగినంత వేగంగా అన్న మాటను వెనక్కు తీసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

నేటి కార్లలో కార్బురేటర్లు లేవు, పాయింట్లు లేవు. కంప్యూటర్ పర్యవేక్షణలో ఇంధనం అందుతుంది. లోపం కలిగితే అద్దం ముందు దీపం వెలుగుతుంది. తీగె లాగి చూసే నాటి పరీక్ష నేటి ఇంజన్లకు హానికరం; దాని స్థానాన్ని స్కానర్ ఆక్రమించింది. అయినా గాలి ఫిల్టర్ మార్చినవారు పక్కనున్న సెన్సార్ తీగెను తగిలించడం మరిస్తే ఆ దీపం వెలుగుతూనే ఉంటుంది. చివరిసారి తాకినదే ప్రతిసారీ కారణమవుతుందని కాదు. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి జరిగే కాకతాళీయాలు యంత్రాలలోనూ ఉంటాయి. కాని తాను చేసిన పనిని ముందుగా చూసుకొనడానికి పట్టే సమయం స్వల్పం; దానివల్ల ఎవరి పేరూ చెడదు, ఎవరి అన్నమూ పోదు. ఏ దీపమైనా ఇంజన్‌లో బాధ ఎక్కడున్నదో చూపగలదే కాని, అది ఎవరి చేతి వల్ల కలిగిందో చెప్పలేదు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసినది, చేతిలో పానా పట్టినవాడే.