శాతం సరే, ఏం కావాలో చెప్పు

వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ అమెరికా దాకా వస్తుందని ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది నాకు. ఇక్కడి ఒక స్టేట్ యూనివర్సిటీలో దివ్యాంగ విద్యార్థుల అవసరాలు చూసే ఆఫీసులో పనిచేస్తున్నాను. పరీక్షలప్పుడు ఇన్విజిలేటర్‌ని, మిగతా రోజుల్లో కాగితాలు సర్దే మనిషిని. మనవాళ్లెవరైనా వస్తే నన్నూ పిలుస్తారు. అలా వచ్చిన ఖమ్మం వైపు కుర్రాడొకడు (వివరాలు కొంత మార్చి చెబుతున్నాను) ప్లాస్టిక్ కవర్లోంచి కాగితం తీసి, "నాకు 40 శాతం మేడమ్" అన్నాడు, హాల్ టికెట్ నంబరు చెప్పినంత అలవాటుగా.

మా ఆఫీసరమ్మ ఆ కాగితం చూసి పక్కన పెట్టి, అడగడం మొదలుపెట్టింది. బోర్డు మీద రాసింది ఏ వరసలో కూర్చుంటే కనబడుతుంది? తెర మీద అక్షరం ఎంత పెద్దది చేసుకుంటావు? గంటసేపు చదివాక తలనొప్పి వస్తుందా? ప్రొఫెసర్లు ఇచ్చే పీడీఎఫ్‌లను నీ స్క్రీన్ రీడర్ చదవగలుగుతోందా? సాయంత్రం ల్యాబు నుంచి ఇంటికెలా వెళ్తావు? కుర్రాడు నీళ్లు నమిలాడు. బీటెక్ నాలుగేళ్లూ ఇవి అతన్ని ఎవరూ అడగలేదట. శాతం మాత్రం ప్రతి కౌంటర్లోనూ అడిగారట.

శాతం అడగడం తప్పని కాదు. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్నత విద్యలో 5 శాతం సీట్లకైనా, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం కోటాకైనా కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. గీత ఎక్కడో ఒకచోట గీయాలి కదా. సీటొచ్చాక క్లాసులో ఏం కావాలో మాత్రం ఆ గీత చెప్పదు.

అలాగని ఇక్కడంతా పూలబాట అనుకోకండి. పన్నెండో తరగతి దాకా పిల్లల ఇబ్బంది కనిపెట్టడం స్కూలు బాధ్యత. కాలేజీలో అడుగుపెట్టగానే ఆ బాధ్యత పిల్లల నెత్తికెక్కుతుంది. వాళ్లంతట వాళ్లు మా ఆఫీసుకొచ్చి చెప్పుకోకపోతే ఏమీ జరగదు. చదవడం, రాయడంలో ఇబ్బంది నిరూపించే పరీక్షలకు వేల డాలర్లవుతాయి. చాలాసార్లు ఇన్సూరెన్స్ కట్టదు. ఇక మన తల్లిదండ్రులు. "ఫీజు కడుతున్నది మేమే కదండీ, మావాడి సంగతి మాకెందుకు చెప్పరు?" అని ఒకరు. కాలేజీలో చేరాక పిల్లలు ఒప్పుకోనిదే సాధారణంగా రికార్డులు చూపకూడదని చట్టం. "ఏడీహెచ్‌డీ అని ఎక్కడా రాయొద్దమ్మా, రేపు సంబంధాలు చూడాలి" అని ఇంకొకరు. డిగ్రీ చదివే ప్రతి ఐదుగురిలో ఒకరు తమకు ఏదో ఒక వైకల్యం ఉందని 2019–20 ప్రభుత్వ సర్వేలో చెప్పుకున్న దేశంలో కూడా మనం దాచుకుంటూనే ఉన్నాం.

ఒకటిన్నర రెట్లు టైమిస్తే మిగతావాళ్లకు అన్యాయం కాదా ఆంటీ అని నన్నడిగిన తెలుగు పిల్లలున్నారు. మా పరీక్షల గదిలో ఓ పూట కూర్చోబెడితే తెలుస్తుంది. ప్రశ్నపత్రం అదే, దిద్దే ప్రొఫెసరూ ఆయనే. హెడ్‌ఫోన్లలో జాస్ అనే స్క్రీన్ రీడర్ నాకు ఒక్క ముక్కా అర్థంకానంత వేగంగా చదువుతుంటే వింటూ, పట్టికలో మూడో గడి దగ్గర దారి తప్పి మళ్లీ మొదటి గడి నుంచి వింటాడు విద్యార్థి. ఆ అదనపు గంట ఖర్చయ్యేది అక్కడే.

ఈ గదులు కూడా ఎవరూ ఊరికే ఇవ్వలేదు. పోలియోతో మెడ కిందికి చచ్చుబడిపోయిన ఎడ్ రాబర్ట్స్ 1962లో బర్క్‌లీలో చేరితే, రాత్రిళ్లు ఊపిరందించే ఇనుప యంత్రం పట్టే హాస్టల్ గది లేక క్యాంపస్ ఆసుపత్రిలో ఉంచారు. ఇతను ఉద్యోగానికి పనికిరాడని కాలిఫోర్నియా పునరావాస శాఖ మొదట సాయమే నిరాకరించింది. 1975లో అదే శాఖకు అతన్ని డైరెక్టరుగా వేశారు. ప్రభుత్వ నిధులు తీసుకునే చోట వైకల్యం పేరుతో వివక్ష చూపకూడదనే, 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ నిబంధనలపై సంతకం చేయించడానికి 1977లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ ఆఫీసులో దివ్యాంగులు మూడు వారాలకు పైగా బైఠాయించారు. నా జీతం ఆ సెక్షన్ చలవే.

మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ కథ మనవాళ్లకు సినిమాగా తెలుసు. చూపు లేదని ఇంటర్లో సైన్సు గ్రూపు ఇవ్వనంటే కోర్టుకెక్కి సాధించుకుని, ఎంఐటీలో చదివి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. గొప్పే. కానీ ఎంఐటీ స్థాయి బుర్ర లేని మామూలు పిల్లాడు, అరవై శాతం మార్కులవాడు, అతనికీ సైన్సు గ్రూపు కావాలి కదా? అతని మీద సినిమా రాదు.

అన్నిటికన్నా కష్టం ఉద్యోగం. 2023లో ఈ దేశంలో వైకల్యం ఉన్న పెద్దల్లో ఉద్యోగంలో ఉన్నవారు 22.5 శాతం, వైకల్యం లేనివారిలో 65.8. వైకల్యం ఉన్నవారిలో సగం మంది 65 దాటినవాళ్లే అని సర్దిచెప్పుకున్నా ఆ తేడా పూర్తిగా పూడదు. మన పిల్లలకు దీనిపైన వీసా గడియారం. చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ అనుమతిలో 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. దరఖాస్తు చివర చాలా కంపెనీలు ఒక ఫారం పెడతాయి: వైకల్యం ఉంది, లేదు, చెప్పదలచుకోలేదు. ఖమ్మం కుర్రాడు దాని దగ్గరే ఆగిపోయి నన్నడిగాడు. ఆఫరివ్వకముందు వైకల్యం గురించి ఆరా తీయకూడదని 1990 నాటి అమెరికా దివ్యాంగుల చట్టం చెబుతుందనీ, ఈ ఫారం లెక్కల కోసమే, ఇంటర్వ్యూ చేసేవాళ్లకు చేరకూడదనీ నాకు తెలిసింది చెప్పాను. చేరదని హామీ మాత్రం ఇవ్వలేకపోయాను. అతను మూడోదే టిక్ చేశాడు. ఆ స్థితిలో నేనైనా అదే చేద్దును.

అయితే కోడింగ్ టెస్టు పిలుపు రాగానే హెచ్‌ఆర్‌కు మెయిల్ రాశాడు. అందులో జబ్బు పేరు లేదు, శాతం లేదు. అక్షరం పెద్దది చేస్తే మీ టెస్టు పేజీలో కింది బటన్లు మాయమవుతున్నాయి, వేరే పద్ధతిలో పెట్టగలరా, నాకు ఇంత టైము కావాలి అని నాలుగు వాక్యాలు. ఒప్పుకున్నారు. ఆ ఉద్యోగం రాలేదు, రెండు రౌండ్ల తర్వాత పోయింది. ఇప్పుడు అదే మెయిల్లో కంపెనీ పేరు మార్చి మిగతావాళ్లకు పంపుతున్నాడు.