పట్టూ విడుపూ

ఇంగ్లీషు సాహిత్యం చదువుకొన్న నాకు జీవరసాయన శాస్త్రంతో పరిచయం అనువాదం ద్వారానే కలిగింది. ఈస్టును గురించిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ, "చక్కెర అందగానే కణం తన ఎంజైమునే ధ్వంసం చేస్తుంది" అని రాసి ఆగిపోయాను. తన సొమ్మును తానే ధ్వంసం చేసుకోవడమేమిటి? విషయం తెలియనిదే మాట కుదరదని మొదటినుంచి చదివాను.

రొట్టెల పిండిని పొంగించే ఈస్టుకు ప్రియమైన ఆహారం గ్లూకోజు. అది కరవైనప్పుడు ఆల్కహాలు, అసిటేటు వంటివాటితో బతుకుతూ, కణనిర్మాణానికి కావలసిన చక్కెరను వాటినుంచే తయారుచేసుకొంటుంది. ఆ పనిలో ముఖ్యమైన ఎంజైము ఫ్రక్టోజ్ బిస్‌ఫాస్ఫటేజు. కరవులో ఇల్లు నిలబెట్టేది అదే.

గ్లూకోజు తిరిగి దొరికిందా, చక్కెరను ఖర్చుపెట్టే ఎంజైములు ముందుకు నడుస్తాయి. ఇది మాత్రం వెనక్కు లాగుతుంది. రెండూ కలిసి పనిచేస్తే మిగిలేది శక్తి వృథా. అందుచేత కణం మొదట దాని చేతులు కట్టివేసి, పిదప యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీనును ముద్రలా తగిలిస్తుంది. ముద్ర పడినదాన్ని ప్రోటియాసోమ్ ముక్కలు చేస్తుంది. కరవులో రోజుల తరబడి నిలిచే ఎంజైము సుమారు అరగంటలో సగానికి తగ్గిపోతుంది. ఈ ముద్ర రహస్యాన్ని వెల్లడించిన సిచనోవర్, హెర్ష్కో, రోజ్‌లకు 2004లో నోబెల్ బహుమతి లభించింది.

ఇది కృతఘ్నత కాదు. ముక్కలు కొత్త ప్రోటీన్లకు ముడిసరకవుతాయి. ఎంజైమును తయారుచేసే జన్యువు భద్రంగానే ఉంటుంది. మళ్ళీ కరవు వస్తే మళ్ళీ పుట్టిస్తుంది.

ఇక్కడ నాకు నేనే గుర్తుకు వచ్చాను. నాన్నగారు పోయాక, అప్పులు తీర్చడానికి పుటకింత అని దొరికిన ప్రతి పనీ రాత్రింబవళ్ళు చేశాను. అప్పులు తీరి ఎనిమిదేళ్ళయినా, కాదనడం నాకు చేతకాలేదు. తన పుట్టినరోజు సాయంత్రం కూడా ప్రూఫుల ముందు కూర్చొన్న నన్ను చూసి మా అమ్మాయి, "ఇంకా ఎవరికి బాకీ, నాన్నా?" అని అడిగింది. ఆనాడు జవాబు చెప్పలేదు.

"ధ్వంసం" కొట్టివేసి, "విడదీసి వాడుకొంటుంది" అని రాశాను. మరునాడు వచ్చిన ఒక పనిని, ఈసారికి వీలుపడదని వినయంగా తిప్పి పంపాను. ఆ నాలుగు వాక్యాల ఉత్తరం రాయడానికి నాకు అరగంటకంటె ఎక్కువే పట్టింది.