అద్దమునకు ఆవల

మచిలీపట్నము నుండి విజయవాడకు పోవు రహదారిమీద గూడూరు అను ఊరు కలదు. క్రీస్తు శకము రెండవ శతాబ్దమున టాలెమీ అను భూగోళ శాస్త్రజ్ఞుడు తన గ్రంథములో పేర్కొనిన 'కొడ్డూర' ఈ గూడూరే యని పలువురు చరిత్రకారులు తలంచిరి. ఒకనాడు దూరదేశపు వర్తకుల చెవిని బడిన పేరు అది. నేడు ఆ ఊరి చుట్టును వరిచేలు, చేల నడుమ కాలువలు. ఎండ తగ్గిన వేళ కాలువ గట్టున వంగి చూచిన పిల్లవానికి నీటిలో తన ముఖము కనబడును. అతడు నవ్విన అదియు నవ్వును. గాలి వీచినంతనే ముఖము ముక్కలగును. నీరు నిలుకడ చెందగానే ముక్కలు మరల అతుకుకొనును. అది తన ముఖమేయని అతనికి ఒకరు చెప్ప నక్కరలేదు. అయితే ఆ తెలివి పుట్టుకతో వచ్చినది కాదు.

ఈ విషయమును మనశ్శాస్త్రజ్ఞులు ఒక చిత్రమైన ఉపాయముచేత కనుగొనిరి. 1970వ సంవత్సరమున గోర్డన్ గాలప్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు చింపాంజీల నుదుట వానికి తెలియకుండ రంగుచుక్క యుంచి అద్దము చూపెను. 1972లో బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ అను మనశ్శాస్త్రవేత్త పసిపిల్లల ముక్కుపై ఎర్రరంగు పూసి అద్దము ముందు కూర్చుండబెట్టిన పరీక్షను ప్రకటించెను. ఏడాది నిండని శిశువు అద్దములోని బిడ్డను చూచి మురియును, దానిని తట్టును, మరియొక బిడ్డ యనుకొని ఆటకు పిలుచును. ఒకటిన్నర సంవత్సరము మొదలు రెండేండ్ల లోపల మాత్రము పెక్కుమంది బిడ్డలు మరియొక పని చేయుదురు. మచ్చ అద్దములో కనబడును. చేయి తన ముక్కుమీదికి పోవును. 'ఇది నేను' అను తలపు ఆ చిన్ని చేతి కదలికలో మొదటిసారి బయటపడును. మన ఇండ్లలో తల్లులు బిడ్డ చెక్కిట దిష్టిచుక్క పెట్టి అద్దము చూపుట ఎన్ని తరములనుండి యున్నదో! ఆ బిడ్డ చేయి ఎటు పోవునో వ్రాసి పెట్టుకొన్న వారే లేకపోయిరి.

ముఖమును గుర్తించుట ఒకటి, తన్ను తాను ఎరుగుట మరియొకటి. ఈ భేదమును ఛాందోగ్యోపనిషత్తులోని ఒక కథ తేటపరచుచున్నది. ఆత్మను తెలిసికొనగోరి దేవతల పక్షమున ఇంద్రుడును, అసురుల పక్షమున విరోచనుడును ప్రజాపతి కడకు పోయిరి. ముప్పది రెండు సంవత్సరములు బ్రహ్మచర్యముతో నుండిన పిమ్మట ప్రజాపతి వారిని నీటిపాత్రలో తమ్ము చూచుకొనుమనెను. వారు చూచిరి. మరల చక్కగా అలంకరించుకొని చూడుమనెను. నీటిలోని బొమ్మలును అలంకరించుకొని కనబడెను. విరోచనుడు తృప్తి చెంది, ఈ దేహమే ఆత్మయని తనవారికి బోధింప వెడలిపోయెను. ఇంద్రుడును బయలుదేరెను గాని దేవలోకము చేరకమునుపే అతనికి సందేహము కలిగెను. దేహమునకు నగలు పెట్టిన నీడకును నగలు వచ్చును. కన్ను పోయిన నీడకును కన్ను పోవును. దేహము నశించిన నీడయు నశించును. ఇందులో తెలిసికొన్న దేమి? అతడు వెనుకకు తిరిగెను. అట్లు మరల మరల తిరిగి వచ్చి, మొత్తము నూటయొక్క సంవత్సరములు గురుసన్నిధిని గడపెను.

ఈ కథలో తుదిని ప్రజాపతి చేసిన బోధ గొప్పదే. దానికంటెను గొప్పది త్రోవనడుమ ఇంద్రుడు నిలిచిపోయిన క్షణము. విరోచనుడు మూఢుడు కాడు; అతడును ముప్పది రెండేండ్లు ఓపిక పట్టినవాడే. దొరికిన సమాధానము తనకు ముచ్చటగా నున్నది గనుక మరి ప్రశ్నింపలేదు. అంతే తేడా.

ఇదే కృష్ణాతీరమున మరియొక మతము వెలసినది. గూడూరునకు నైరుతి దిక్కుగా, దివిసీమకు పోవు దారిలో నున్న ఘంటసాల పూర్వము రేవుపట్టణము, బౌద్ధక్షేత్రము. అచ్చటి స్తూపము చెంత నివసించిన భిక్షువుల మతములో బండి ఉపమానము సుప్రసిద్ధము. మిళిందుడను రాజునకు నాగసేనుడను భిక్షువు దానిని వివరించెనని చెప్పుదురు. చక్రము బండి కాదు, ఇరుసు బండి కాదు, కాడియు బండి కాదు. అన్నియు కూడినప్పుడు 'బండి' యని పిలుతుము. మనిషియు అట్టివాడే, దేహము, అనుభవము, తలపులు, అలవాట్లు, ఎరుక కలిసి ప్రవహించుచుండగా దానికి ఒక పేరు పెట్టినారము అని వారి వాదము. లోపల చెడని ఆత్మ కలదని ఒకరు, అట్టిది వేరుగా లేదని మరొకరు రెండువేల యేండ్లకు పైగా వాదించిరి. ఆ వ్యాజ్యము ఎనిమిదవ తరగతిలో తీరునది కాదు. అద్దములో కనబడినంత మాత్రమే తానని నమ్మినవాడు మోసపోవునని మాత్రము ఉభయులును ఒప్పుకొనిరి.

ఇట్టి లోతైన విచారము పండితుల తాళపత్రములలోనే నిలిచిపోయి యుండిన పల్లెవాసులకు దానితో పని యుండెడిది కాదు. దానికి గజ్జెకట్టి వీథిలోనికి తెచ్చిన ఊరు ఒకటి ఈ సీమలోనే యున్నది. గూడూరు మీదుగా పామర్రు చేరి, అచ్చటినుండి చల్లపల్లి దారిని దక్షిణముగా పోయిన కూచిపూడి వచ్చును. గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషా (1672–1687) ఆ గ్రామమును భాగవతులకు అగ్రహారముగా ఇచ్చెనని సంప్రదాయ కథనము. భామాకలాపమును సిద్ధేంద్రయోగి రచించెననియు, ఊరిలోని భాగవతుల ఇండ్ల బిడ్డలు ప్రతియొక్కరును జీవితములో ఒక్కమారైనను సత్యభామ వేషము కట్టవలెనని వారిచేత మాట తీసికొనెననియు చెప్పుకొందురు. బిడ్డలనగా ఇచ్చట మగబిడ్డలు.

భామాకలాపపు కథ చాల చిన్నది. అందమున ఎవరు మిన్న యని సత్యభామకును కృష్ణునకును మాట పెరిగెను. కృష్ణుడు ఆమెను విడిచి పోయెను. ఆమె విరహముతో వేగి, చెలికత్తెయగు మాధవిచేత జాబు పంపెను. కథ ఇంతే. పూర్వము రాత్రివేళ ఆలయము ముంగిట కాగడాల వెలుతురున, గుగ్గిలపు పొడి చల్లగా మంటలు భగ్గున లేచుచుండ, ఇద్దరు తెర పట్టుకొని నిలువబడగా, ఆ తెరమీదినుండి మొదట ఒక పొడవైన జడ ఇవతలికి పడెడిది. సత్యభామ ముఖము కనబడుటకు ముందు ఆమె గర్వము కనబడునన్నమాట. తన్ను విద్యలో ఓడింపగలవారున్న ఆ జడ కోయవచ్చునని నటుడు సభకు విసరిన సవాలు అది. పిమ్మట ఆమె తన పేరు, తన గొప్ప తానే చాటుకొనుచు ప్రవేశించును.

అప్పుడు మాధవి ప్రశ్నలు మొదలిడును. ఆ పాత్రను సూత్రధారుడే ధరించుట వాడుక. తాళము పట్టి ఆటను నడపువాడే ఆమెను తరచి తరచి అడుగును. నీ వెవతెవు? నీ మగని పేరేమి? ఎందులకు అలిగితివి? సత్యభామకు పేరు చెప్ప సిగ్గు, తప్పు చెప్ప అభిమానము. తుదకు జాబు తీసికొని పోవుటకు కూలి యేమిత్తువని మాధవి అడిగి, ఇచ్చిన నగలతో తృప్తి పడక, ముక్కెర యిమ్మని పట్టు పట్టును. సభ కడుపుబ్బ నవ్వును. ఆ నవ్వు నడుమ ఒక పెద్ద పని జరుగుచున్నది. ఉపనిషత్తులో నగలతో అలంకరించుకొని నీటిలో చూచుకొన్న దేహమునే, ఇచ్చట ఒక్కొక్క నగ విప్పించి చూపుచున్నారు. జీవాత్మ పరమాత్మకై వేగుటయే ఈ కలాపమని పెద్దలు అర్థము చెప్పిరి. ఆ అర్థము ఎరుగని వాడును, అభిమానము చంపుకొని ముక్కెర విప్పుట ఎంత కష్టమో ఎరుగును.

ఇక ఆ వేషము కట్టు పిల్లవాని సంగతి. పదునాలుగేండ్ల బాలుడు సత్యభామ నడక, చూపు, జడ పట్టుకొను తీరు గురువు నొద్ద నేర్చును. కాని అలుక ఎచ్చటినుండి తెచ్చుకొనును? అది గురువు ఇచ్చునది కాదు. అన్నకు పెరుగు ఎక్కువ వడ్డించిరని కంచము ముందునుండి లేచిపోయిన నాటి కోపము అతనిలో నున్నది. తోటివాడు తనకంటె బాగుగా ఆడెనని సభ మెచ్చినప్పుడు గొంతులో అడ్డుపడిన ముద్ద యున్నది. వానినే అతడు వెదకి పైకి తీయవలెను. సత్యభామను చేరబోయి అతడు దారిలో తన్నే కలిసికొనును. అంతేకాదు, ఆ కోపములో మునిగి తాళము తప్పిన ఆట చెడును. అలుగువాడు ఒకడు, ఆ అలుకను తాళమునకు కట్టి చూచుచుండువాడు ఒకడు, ఇద్దరును ఒక్క దేహములోనే మెలకువగా నుండవలెను. 1890లో విలియం జేమ్స్ అను తత్త్వవేత్త తన మనశ్శాస్త్ర గ్రంథములో, 'నేను' అను దానిలో చూచు నేను, చూడబడు నేను అని రెండు కలవని వివరించెను. కూచిపూడి బాలుడు ఆ గ్రంథమును చదువకయే ఆ రెంటిని వేరుచేయు అభ్యాసము చేసినాడు.

వేదాంతము సత్యనారాయణశర్మ (1935–2012) ఈ విద్యలో పేరెన్నిక గన్నవాడు. సత్యభామగా అతడు రంగస్థలముమీదికి వచ్చినప్పుడు, వచ్చినది పురుషుడని నమ్ముట చూపరులకు కష్టముగా నుండెడిది. 1970లో భారత ప్రభుత్వము అతనికి పద్మశ్రీ యిచ్చి గౌరవించినది.

ఈ సాధన పదమూడు పదునాలుగేండ్ల ప్రాయములో మొదలగుట కొంత ఆలోచింపదగిన విషయము. 1967లో డేవిడ్ ఎల్కిండ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ఈ వయసు వారి స్వభావము నొకదానిని వర్ణించెను. ఈ ఈడు పిల్లలు ఎల్లప్పుడును ఎవరో తమ్ము చూచుచున్నట్లు భావించుకొందురు. ముఖముమీద ఒక మొటిమ లేచిన బడియంతయు దానినే చూచుచున్నదనుకొందురు. చొక్కాకు మాసిక యున్న నలుగురిలోనికి పోజాలరు. ఆ చూచువారందరును వారి ఊహలోని సభాసదులు. ప్రక్కనున్న పిల్లవాడు తన మొటిమ సంగతి తాను చింతించుకొనుచుండును! 1902లోనే చార్లెస్ కూలీ అను సంఘశాస్త్రజ్ఞుడు, ఇతరుల కన్నులే మనకు అద్దములనియు, వారు మనలను ఎట్లు తలంచుచున్నారని మనము ఊహింతుమో దానినిబట్టియే మనలను మనము మెచ్చుకొందుము లేదా నొచ్చుకొందుమనియు వ్రాసెను. ఆ అద్దము నీటి అద్దము కంటె ప్రమాదకరమైనది. ఒకడు 'మొద్దు' అనెను. ఆ మాటను నమ్మి బిడ్డ పుస్తకము మూసెను. ఒకడు 'అందగాడవు' అనెను. వాడు నాటినుండి దువ్వెన విడువలేదు. ఇద్దరును విరోచనుని దారినే పోయినారు.

ఎరిక్ ఎరిక్‌సన్ 1950లో ప్రకటించిన గ్రంథములో, తా నెవరో తేల్చుకొనుట కౌమారమున ప్రతివాని ఎదుట నిలుచు సమస్య యనెను. ఈ వయసున బిడ్డలు ఒకనాడు ఒక రీతిగా, మరునాడు ఇంకొక రీతిగా నుండుట చూచి పెద్దలు విసుగుకొందురు. వారు వేషములు కట్టి చూచుకొనుచున్నారు. కూచిపూడిలో ఆ వేషమునకు ఒక తెర, ఒక తాళము, ప్రశ్నించు మాధవి ఏర్పడి యుండుట అచ్చటి బాలుర అదృష్టము. తెల్లవారగనే రంగు కడుగుకొని బడికి పోవచ్చును.

అచ్చటి బాలికలకు మాత్రము ఆ అదృష్టము చిరకాలము లేకపోయెను. సత్యభామ స్త్రీ, ఆమె మనసును తెలిసికొను అవకాశము ఊరిలోని ప్రతి బాలునకు దొరకెను. ఆ ఊరి ఆడపిల్లకు మాత్రము ఆమెవలె రంగస్థలముపై నిలిచి 'నే నెవరు' అని పలుకు వీలు లేదు. గోదావరి సీమలో కలావంతుల కుటుంబముల స్త్రీలు భామాకలాపమును చక్కగా ఆడిరి. వారికి కళ దక్కెను గాని సంఘములో గౌరవము దక్కలేదు. తన్ను తెలిసికొనుట అందరికిని అవసరమని చెప్పిన పెద్దలే దాని దారిని కొందరికి మూసిరి. ఇతరుల మనసులో ప్రవేశించు విద్య నేర్చినవారికి సైతము పెరటి గుమ్మములో నిలిచి చూచు చెల్లెలి మనసు కనబడలేదు.

ఇరువదవ శతాబ్దమున ఆ తలుపు తెరచుకొనినది. వేదాంతము లక్ష్మీనారాయణశాస్త్రి స్త్రీలకు ఈ నృత్యము నేర్పెను. కూచిపూడిలో 1929లో పుట్టిన వెంపటి చినసత్యము 1963లో మద్రాసు నగరమున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి ఎందరో బాలికలను నర్తకీమణులుగా తీర్చిదిద్దెను. నేడు ఆంధ్రదేశమునందే గాక విదేశములలోని తెలుగువారి ఇండ్లలోను ఆడపిల్లలు సత్యభామ వేషము కట్టుచున్నారు. అలుక, గర్వము, సిగ్గు ఎచ్చటినుండి తెచ్చుకొనవలెనను చిక్కు వారికిని తప్పదు. సత్యభామ స్త్రీయైనంత మాత్రమున ఆ బాలికకు పని సులువు కాలేదు.

జడ తెరమీదినుండి జారును, తెర తొలగును, పండ్రెండేండ్ల పిల్ల సత్యభామయై తన గొప్ప చాటుకొనును. తాళము పట్టిన మాధవి మెల్లగా సమీపించి, నగలన్నిటిని త్రోసిపుచ్చి, ముక్కెర యిమ్మనును. పిల్ల చేయి ముక్కుమీదికి పోయి అచ్చటనే ఆగును. ఇచ్చునా, ఇయ్యదా యని సభ మెడలు చాచి చూచుచుండును.