మోంటానా కొండల్లో తొలి వేట

అమెరికాకి వాయవ్యదిశను, కెనడా సరిహద్దుని ఆనుకొని మోంటానా అనే రాష్ట్రం ఉన్నది. ఆ రాష్ట్రంలో మిజౌలా అనే ఊరు, చుట్టూ కొండలు, నడుమ క్లార్క్‌ఫోర్క్ నది, చూడ ముచ్చటగా ఉంటుంది. ఊరికి తూర్పున సెంటినెల్ కొండ. దాని మీద తెల్లటి కాంక్రీటుతో కట్టిన పెద్ద ‘ఎం’ అక్షరం, కొండ పాదాన విశ్వవిద్యాలయం. సాయంకాలపుటెండ ఏటవాలుగా పడేవేళ ఆ కొండకి అడ్డంగా వరసవరసలుగా సన్నని గీతలు కనిపిస్తాయి. మంచుయుగంలో ఈ లోయంతా ఒక మహా సరస్సు. ఆ నీటి అంచులు కొరికిన గుర్తులే అవి.

మా అబ్బాయి ఉద్యోగం పుణ్యమా అని నేనూ, మా ఆవిడా మార్చి నుంచి మూడు నెలలపాటు ఆ ఊళ్ళో ఉన్నాం. పక్కింట్లో ఒక పెద్దాయన. అడవుల్లో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆయన మనవరాలు ఆ విశ్వవిద్యాలయంలోనే చదువుకుంటున్నది. ఈ వసంతంలో ఆ అమ్మాయి మొట్టమొదటిసారిగా నల్ల ఎలుగుబంటి వేటకి వెళ్ళబోతున్నదని తెలిసి మా ఆవిడ ముక్కు మీద వేలేసుకున్నది.

ఆవిడ ఆశ్చర్యానికి కారణం లేకపోలేదు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. జీడితోటల్లోకి ఎలుగులు దిగి మనుషుల మీద పడటం మాకు కొత్తకాదు. ‘గుడ్డెలుగు’ అంటే చాలు, పిల్లలు అన్నం మారాం చెయ్యకుండా తినేస్తారు. అయినా మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దరిమిలా ఎలుగుని వేటాడటం నేరం. ఇక్కడో, ప్రభుత్వమే లైసెన్సు ఇస్తుంది, ఏడాదికి ఒక మనిషికి ఒక ఎలుగు చొప్పున. వసంతపు వేట ఏప్రిల్ 15న మొదలై, ప్రాంతాన్ని బట్టి మే చివరనో జూన్ నడుమనో ముగుస్తుంది.

వేటకి సిద్ధం కావటమంటే తుపాకీ తుడుచుకోవటం, తూటాలు లెక్కపెట్టుకోవటం కాబోలు అనుకున్నాను. నెల్లాళ్ళు ఆ తాతా మనవరాళ్ళని చూశాక తెలిసింది, ఆ పెద్దాయన నేర్పిందంతా ఎప్పుడు కాల్చకూడదు అన్న ఒక్క విద్యేనని.

మొదటి పాఠం పరీక్ష. ఎలుగు లైసెన్సు కావాలంటే మోంటానాలో ముందుగా ఎలుగుల ఆనవాళ్ళు గుర్తుపట్టే పరీక్ష ప్యాసు కావాలి. ఎందుకంటే ఈ కొండల్లో రెండు జాతుల ఎలుగులున్నాయి. ఒకటి నల్ల ఎలుగు. రెండోది గ్రిజ్లీ. అలాస్కా మినహా అమెరికాలో గ్రిజ్లీలు బహు కొద్దిగా మిగిలినందున 1975లో వాటికి చట్టరీత్యా రక్షణ కల్పించారు. పొరపాటున దాన్ని కాల్చినా జవాబు చెప్పుకోవాలి.

“నల్లగా ఉంటే నల్ల ఎలుగే కదా, ఇందులో పరీక్షేమిటి?” అని అడిగాను. పెద్దాయన నవ్వాడు. నల్ల ఎలుగు నల్లగానే ఉండాలని నియమం లేదట! గోధుమరంగు, దాల్చినచెక్క రంగు, ఎండుగడ్డి రంగు కూడా ఉంటాయి. అందుచేత రంగుని నమ్మకూడదు. గ్రిజ్లీకి భుజాల మీద మూపురం ఉంటుంది. నుదుటికీ ముక్కుకీ మధ్య ముఖం పళ్ళెంలా లోపలికి వంగి ఉంటుంది. చెవులు పొట్టి, ముందుకాళ్ళ గోళ్ళు బారెడు. నల్ల ఎలుగుకి మూపురం లేదు. ముఖం తిన్నగా, చెవులు నిక్కగా, గోళ్ళు పొట్టిగా వంకర తిరిగి ఉంటాయి. ఆ అమ్మాయి బొమ్మలు ముందేసుకుని మనవాళ్ళు ఎక్కాలు వల్లించినట్లు వల్లించింది.

ఈ చిక్కు ఇప్పటిది కాదు. 1806 వసంతంలో లూయిస్, క్లార్క్ అనే ప్రసిద్ధ యాత్రికులు పసిఫిక్ సముద్రం చూసి తిరిగి వస్తూ, కొండల మీద మంచు కరగక దారి మూసుకుపోతే, ఇక్కడికి పడమరగా క్లియర్‌వాటర్ నది ఒడ్డున నెజ్‌పర్స్ జాతివారి మధ్య దాదాపు నెల్లాళ్ళు మకాం వేశారు. వాళ్ళ వేటగాళ్ళు తెచ్చిన ఎలుగు చర్మాలు ఒక్కొక్కటి ఒక్కొక్క రంగు. ఎన్ని జాతులో లూయిస్‌కి అంతుపట్టలేదు. చర్మాలు పరిచి నెజ్‌పర్స్ వారినే అడిగాడు. వాళ్ళు రంగుతో నిమిత్తం లేకుండా రెండే కుప్పలు వేశారు: గ్రిజ్లీలన్నీ ఒక పేరుతో, తక్కినవన్నీ ఇంకొక పేరుతో. ఇవాళ పరీక్షలో అడిగేది సరిగ్గా ఆ విద్యే.

రెండో పాఠం ఎలుగు సంసారం. ఇది విని మా ఆవిడ కూడా కుర్చీ దగ్గరికి జరుపుకున్నది. జూన్ ప్రాంతంలో జతకడతాయి. కాని గర్భం వెంటనే నిలవదు. శరత్తులో కాయా పండూ తిని తల్లి ఒంట్లో కొవ్వు పడితేనే నవంబరు ప్రాంతంలో పిండం కుదురుకుంటుంది. లేకపోతే లేదు. ఆ పైన గుహలో దూరి ఐదారు నెలలు తిండీ లేదు, నీళ్ళూ లేవు. గుండె నిమిషానికి పదిసార్లు కొట్టుకుంటే గొప్ప. ఆ స్థితిలోనే జనవరి, ఫిబ్రవరి నెలల్లో ప్రసవం. సాధారణంగా రెండేసి పిల్లలు. పుట్టినప్పుడు ఒక్కొక్కటి అరకిలో కూడా తూగదు. గుక్కెడు నీళ్ళు తాగకుండా తల్లి వాటికి పాలిస్తుంది.

“మన జాంబవంతుడి వంశంలో ఇంతటి పతివ్రతలున్నారన్నమాట!” అన్నది మా ఆవిడ. పతివ్రతకీ బాలింతకీ తేడా నేను చెప్పబోయి ఊరుకున్నాను.

వసంతంలో ముందుగా బయటికి వచ్చేవి పెద్ద మగ ఎలుగులు. తరవాత ఒంటరి ఆడవి. అందరికంటె ఆలస్యంగా పిల్లల తల్లులు. పిల్లలు వెంట ఉన్న తల్లినిగాని, ఆ పిల్లల్నిగాని కాల్చటం నేరం. ఒంటరి ఆడదాన్ని కాల్చటానికి అభ్యంతరం లేదు. అయితే దాన్ని ఒంటరి అని తేల్చటమే కష్టం. పిల్లల తల్లి మేతకి వచ్చేముందు పిల్లల్ని చెట్టెక్కించి వస్తుంది. మనకి కనిపించేది మేస్తున్న తల్లి. కనిపించనివి కొమ్మల్లో కూర్చున్న పిల్లలు. తల్లి పోతే పాలుమాలని ఆ పసికూనలు ఆకలికి మాడిపోతాయి. అందుకని ఆ ఇంట్లో ఒక కట్టడి: ఎలుగు ఎంత తేలిగ్గా దొరికినా గంటసేపు చూడకుండా తుపాకీ భుజానికెత్తకూడదు. రెండు వందల గజాల దూరం దాటితే అసలే కాల్చకూడదు.

మూడో పాఠం గాలి. ఎలుగు చూపు సంగతెలా ఉన్నా, దాని ముక్కు అసాధ్యమైనది. ఉదయం చల్లగాలి కొండ మీంచి కిందికి దిగుతుంది. ఎండెక్కాక పైకి ఎక్కుతుంది. చీకటిపడే వేళకి మళ్ళీ దిగుతుంది. దాన్నిబట్టి మనం కూర్చునే చోటు మారాలి. గాలి వాలు తెలుసుకోవటానికి ఆ అమ్మాయి జేబులో ఒక పౌడరు బుడ్డి ఉంటుంది. నొక్కితే తెల్లటి పొగలా లేచి గాలి ఎటో చెబుతుంది.

నడుముకి ఇంకొక డబ్బా. గ్రిజ్లీ మీదికి వస్తే ముఖాన చిమ్మే మందు. 30 అడుగుల దాకా కొడుతుంది. దీనిమీద 1980ల్లో ఈ ఊరి విశ్వవిద్యాలయంలోనే పరిశోధన జరిగింది. ఇంతకీ అందులో ఉన్న అస్త్రం మిరపకాయ ఘాటే! “ఈమాత్రానికి పరిశోధనెందుకు, గుంటూరు వెళ్ళి అడిగితే చెప్పేవారుగా!” అన్నది మా ఆవిడ.

నాలుగో పాఠం వంట. వీళ్ళు ఎలుగు మాంసం తింటారు. శరత్తులో వేటాడితే కొవ్వు దొరుకుతుంది. వసంతంలో, ఆర్నెల్ల ఉపవాసం తరవాత, కొవ్వు తక్కువ. ఆ కండలో కంటికి కనిపించని ట్రికినెల్లా పురుగులు ఉండవచ్చు. 2022 మే నెలలో కెనడాలోని సస్కాచవన్‌లో ఒకాయన నల్ల ఎలుగుని కొట్టి, మాంసాన్ని 45 రోజులు గడ్డకట్టించి, సౌత్ డకోటాలో బంధువులంతా కలిసినప్పుడు కబాబులు చేయించాడు. నల్లటి మాంసం కాబట్టి ఉడికిందో లేదో రంగుని బట్టి తెలియలేదు. ఆరుగురు జబ్బుపడ్డారు. వాళ్ళలో ఇద్దరు మాంసం ముట్టనే లేదు, దాంతో కలిపి కాల్చిన కూరగాయలు మాత్రం తిన్నారు. ఈ జాతి పురుగులు కొన్ని గడ్డకట్టించినా చావవు. లోపలిదాకా 74 డిగ్రీల సెంటిగ్రేడు వేడి తగలాలి. పెద్దాయన మనవరాలికి తుపాకీ కంటె ముందు కొనిచ్చింది మాంసంలో గుచ్చే థర్మామీటరు.

వేట ముగిశాక చర్మాన్నీ, పుర్రెనీ అధికారులకి చూపాలి. వాళ్ళు ఒక చిన్న పన్ను తీసుకుంటారు. చెట్టు మాను కోస్తే వలయాలు లెక్కపెట్టినట్లు ఆ పన్ను కోసి ఎలుగు వయసు కడతారు.

ఈ వసంతపు వేట అసలు ఉండాలా అన్న వాదన అమెరికాలో పాతదే. పిల్లలు అనాథలవుతాయన్న బాధతో కొలరాడో రాష్ట్రంలో 1992లో ప్రజలు ఓటు వేసి దాన్ని మాన్పించారు. వాషింగ్టన్ రాష్ట్రంలో 2022లో వినోదపు వేటగా దాన్ని ఆపేశారు. కెనడాలోని ఒంటేరియోలో 1999లో ఆపి, 2014లో ప్రయోగంగా మొదలుపెట్టి, 2021 నుంచి మళ్ళీ స్థిరపరిచారు. కావాలనేవాళ్ళు ఎలుగుల సంఖ్య అదుపు గురించీ, మాంసం గురించీ, ముందుగా బయటపడేవి మగవే గదా అన్న సంగతి గురించీ చెబుతారు. ఆ అమ్మాయి రెండు పక్షాలూ చదువుకున్నది. “వేటే వద్దనేవాళ్ళ మాట అబద్ధం కాదు. అందుకే గంట” అన్నది.

మే నెల నడుమ ఒక సాయంకాలం నన్ను కూడా వెంట తీసుకువెళ్ళారు. మా ఆవిడ రానన్నది. ఊరికి పడమర లోలో అడవిలో, కలప మోయటానికి ఒకప్పుడు వేసి వదిలేసిన రోడ్లున్నాయి. వాటి మీద పచ్చగా గడ్డీ, క్లోవరూ మొలుస్తాయి. దక్షిణానికి తిరిగిన వాలుల మీద మంచు ముందు కరుగుతుంది. కాబట్టి ఆకలిగొన్న ఎలుగులు ఆవుల్లా అక్కడికి మేతకి వస్తాయి. దారిపొడుగునా పొద్దుతిరుగుడు జాతి పసుపు పువ్వులు విరగబూశాయి. చలికాలంలో మోడులైన లార్చ్ చెట్లకి లేతాకుపచ్చ చిగుళ్ళు. చీమల కోసం ఎలుగు తిరగేసిన రాళ్ళు, గడ్డి తిన్న ఎలుగు వేసిన పచ్చని పెంటికలు కూడా పెద్దాయన చూపించాడు.

లోయకి ఇవతల కూర్చున్నాం. పౌడరు మా వెనక్కి తేలిపోయింది. అక్కడ మే నెలలో రాత్రి తొమ్మిది దాకా పొద్దుంటుంది. ఏడు గంటలకి ఎదుటి వాలున రోడ్డు మీదికి ఒక ఎలుగు వచ్చింది. బొగ్గులాంటి నలుపు. మూపురం లేదు, ముఖం తిన్నన. నేను బైనాక్యులర్లు పట్టుకున్న చేతులు వణికాయి.

అమ్మాయి గడియారం చూసుకున్నది. పది నిమిషాలు. ఇరవై. ఎలుగు తలెత్తకుండా మేస్తున్నది. నలభై నిమిషాలకి నూటయాభై గజాల లోపుకి వచ్చి, పక్కకి తిరిగి నిలబడ్డది. ముందుకాలు చాచింది. అంతకంటె మంచి అదను ఆ వేసవంతా రాకపోవచ్చునని నాబోటివాడికే తెలిసింది. తాత మాట్లాడలేదు. అమ్మాయి తుపాకీ ఒళ్ళోనే ఉన్నది, వేలు మీటకి దూరంగా ఉన్నది. కాని పెదవి కొరుక్కుంటున్నది.

మరో ఐదు నిమిషాలకి రోడ్డు పైనున్న లార్చ్ చెట్టు ఒకటి కదిలింది. మాను మీంచి పిల్లికంటె కాస్త పెద్దదైన నల్లటి ముద్ద ఒకటి వెనక్కి వెనక్కి జారుతూ దిగింది. దాని వెనక ఇంకొకటి. రెండూ పరుగెత్తుకెళ్ళి తల్లి పొట్ట కిందికి దూరాయి.

ఎవరూ ఏమీ అనలేదు. అమ్మాయి తుపాకీలోంచి తూటా తీసి జేబులో వేసుకున్నది. కళ్ళు తుడుచుకున్నదో, చెమట తుడుచుకున్నదో నేను చూడలేదు. పెద్దాయన చిన్న పుస్తకం తీసి తేదీ, వేళ, గాలి వాలు రాసి, చివర ‘తల్లి, రెండు పిల్లలు’ అని చేర్చి పుస్తకం ఆమె చేతికిచ్చాడు. ఆ రోజు నుంచి అందులో రాయటం ఆమె వంతు.

మేము జూన్‌లో తిరిగి వచ్చేసరికి ఆ ఏటి వసంతపు వేట గడువు ముగిసింది. ఎలుగు దొరకలేదు. మోంటానా ప్రభుత్వానికి కట్టిన లైసెన్సు రుసుము మాత్రం అయిపోయింది. పెద్దాయనకి తొలి ఎలుగు దొరికింది మూడో ఏడాదినట. ఆ అమ్మాయి ఇప్పుడు వచ్చే ఏప్రిల్ 15 కోసం రోజులు లెక్కపెడుతున్నదని మా అబ్బాయి రాశాడు.