కాలవ బండల కబుర్లు

ఏమండీ, పని అయిపోయిందా? మీ కుక్కరు కూతలు నేనూ లెక్కపెట్టినాలెండి. పప్పుకైతే మూడు చాలు. మీరు ఆరు దాకా పోనిచ్చినారంటే శనగలే అయ్యుంటాయి. సాయంత్రం ఎవరో వస్తా ఉండారు మీ ఇంటికి. నాకు చెప్పకపోయినా ఫరవాలేదు, గేటు ముందర ఆగే బండిని చూసి నేనే కనుక్కుంటా. ముందు ఈ మాట వినండి.

పొద్దున బజారుకు పోయినా. గాంధీ విగ్రహం కాడ ఆటో దిగి చర్చి వీధి వైపు నడుద్దామని. మన చిత్తూర్లో ఫుట్‌పాత్ అంటే ఏముంది, మురుగు కాలవ మీద పరిచిన బండలే కదా. ఆ బండల మీద నాలుగు అడుగులు వేసినానో లేదో, బట్టలంగడి మెట్లు అడ్డం. దిగి రోడ్డు మీదికి పోయినా. వెనక నుంచి ఆటో అబ్బాయి హారను కొట్టి, ‘అవ్వా, పక్కకు’ అన్నాడు. అవ్వనా నేను? సరే, వాడి కళ్లు వాడివి. మళ్లీ బండ ఎక్కితే సెల్‌ఫోనంగడి ముందర అట్ట హీరో ఒకడు, చేతిలో ఫోను పట్టుకోని నవ్వతా నిలబడి ఉండాడు. ఆయన్ని చుట్టుకోని దిగితే జనరేటరు. జనరేటరు దాటితే పూలమ్మ. ఈమె మాత్రం నన్ను చూసి గంప ఇవతలికి లాక్కుంది, కనకాంబరాల మీద కప్పిన తడిగుడ్డ కూడా మడిచి పెట్టుకుంది, నా కాలికి తగలకుండా. వేరే ఎవరూ ఏమీ లాక్కోలేదు. మెట్లకూ జనరేటర్లకూ చేతులుంటాయా అంటారా? వాటి ఓనర్లకు ఉంటాయి కదండీ.

ఇట్ల ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు నడిచే దోవను మళ్లించేదానికి ఏ కౌన్సిల్ మీటింగులో తీర్మానం చేసినారో నాకైతే తెలీదు. 1917లో మునిసిపాలిటీ అయిన ఊరండీ ఇది, ఇప్పుడు కార్పొరేషన్.

మా చిన్నమ్మ మనవడు ఇంగ్లండులో ఉండాడు, మీకు గుర్తే. పెళ్లిలో వడ్డన మధ్యలో ల్యాప్‌టాపు తెరిచినాడే, వాడే. పెళ్లికొడుకు కాదులెండి, పెళ్లికొడుకు తమ్ముడు. వాడితో ఫోన్లో ఈ సంగతి అంటే, వాడు ఆ దేశం కబురు చెప్పినాడు. ఆడ పల్లెల్లో ఎవరి పొలంలో నుంచైనా పాత కాలిబాట పోతా ఉంటే, ఆ రైతు దాన్ని గట్టు పక్కకు జరపాలన్నా తన ఇష్టానికి జరపకూడదంట. 1980 నాటి హైవేస్ చట్టం ఉందంట. కౌన్సిలు ఉత్తరువు ఇయ్యాల. అది ఊరి పేపర్లో వెయ్యాల. బాటకు ఈ కొసనా ఆ కొసనా నోటీసు కట్టాల. తక్కువంటే 28 రోజుల గడువు, వద్దనే వాళ్లు రాసిస్తారు. ఒక్కరు పట్టుబట్టి కూర్చున్నా వ్యవహారం కౌన్సిలు చేతిలో నుంచి పై వాళ్ల దగ్గరికి పోతాదంట. ఒక్క కాలిబాటకు ఇంత భారతం!

ఇంకోటి చెప్పినాడు, అదైతే నాకు భలే నచ్చింది. మందు అమ్మాలంటే 2003 నాటి లైసెన్సు చట్టం ప్రకారం అర్జీ పెట్టి, లేత నీలం కాగితం మీద నోటీసు అచ్చేసి, అంగడి బయట, దోవన పోయే వాళ్లు నిలబడి చదివేటట్టు 28 రోజులు అంటించాలంట. చూసినారా? ఆగి చదివేది, ఇంటికొచ్చి నలుగురికి చెప్పేది, నచ్చకపోతే కాగితం రాసిచ్చేది, ఇదంతా అక్కడ హక్కు. ఈడ మనం గోడ దగ్గర నిలబడి అదే పని చేస్తే చెడ్డపేరు.

మనకు చట్టాల్లేవా అంటే, ఉండాయండీ. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. పట్టణాల్లో పేదరిక నిర్మూలన పని చూసే మెప్మా వాళ్లు వచ్చి తోపుడుబండ్ల వాళ్లనీ గంపల వాళ్లనీ రాసుకోని కార్డులిచ్చేది ఆ లెక్కలోనే. సర్వే చేసి పేర్లు రాసుకోని పత్రం ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. వేరే తావకు మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇయ్యాల. అప్పటికీ కదలకపోతే జుర్మానా రోజుకు 250 రూపాయల దాకా. ఇదీ చట్టమే, దాన్నీ చెప్పాల. సరుకు ఎత్తుకుపోతే జాబితా రాసియ్యాల. పాడైపోయే సరుకు, అంటే పూలు, పండ్లు, ఆకుకూర, ఆమె పొయ్యి అడిగిన రోజే తిరిగి ఇచ్చేయాల. మిగతాదైతే రెండు పనిదినాల్లో. నేను పూలమ్మను అడిగినా, ‘ఏమ్మా, నీకీ సంగతి తెలుసా’ అని. ఆమె మూర కొలుస్తా కొలుస్తా నన్ను ఎగాదిగా చూసి, ‘మల్లెపూలు సాయంత్రానికే వాడిపోతాయి కదమ్మా, చట్టమోళ్లకు కూడా తెలిసిందా’ అనింది. మూర మాత్రం మోచేతి దాకా కొలవలేదు, నేను చూస్తా ఉండగానే రెండు వేళ్లు మిగిల్చింది. అడగలేదులెండి, గంప లాక్కుంది కదా.

ఆ చట్టంలోనే టౌన్ వెండింగ్ కమిటీ అని ఒకటి ఉంది. కమిషనరు పెద్ద. కూర్చునే వాళ్లలో నూటికి 40 మంది వీధి వ్యాపారులే ఉండాల, వాళ్లను వాళ్లే ఎన్నుకోవాల, అందులో మూడో వంతు ఆడోళ్లు. కాలనీ సంఘాల వాళ్లకూ తావ ఉంది, అంటే మీకూ నాకూ. ఎక్కడ అమ్మొచ్చు, ఎక్కడ వేళ చూసి అమ్మాల, ఎక్కడ అసలే కూడదు అనే మాట ఆ కమిటీలో తేలాల. మన ఊర్లో ఆ కమిటీలో ఎవరుండారో చెప్పండి చూద్దాం. మూడో వీధిలో కోడలు పుట్టింటికి ఎందుకు పోయిందో అడగండి, తేదీలతో సహా చెప్తారు. మీ ఒక్కరినే అనడం లేదులెండి, నేనూ అంతే.

ఇంక అంగళ్ల లైసెన్సు. కార్పొరేషన్ లైసెన్సును డీ అండ్ ఓ అంటారే, ప్రమాదకరమైన, చీదర పుట్టించే వ్యాపారాలకని మదరాసు కాలం నుంచి వస్తా ఉన్న పద్దు. ఏడాది పొడుగునా మనం మాట్లాడే మాట కాదిది, మార్చి నెలాఖరున మాట్లాడే మాట. ఆ నెలతో గడువు అయిపోతాది, వార్డు సచివాలయం వాళ్లు చలానాలు పట్టుకోని అంగడి అంగడికీ తిరుగుతారు. నాకు జాకెట్లు కుట్టే టైలరు ఒకాయన ఉండాడు. ఆయన లైసెన్సుకు అద్దం ఫ్రేము కట్టించి వెంకటేశ్వరస్వామి పటం పక్కన తగిలించినాడు. శుక్రవారం శుక్రవారం స్వామికి పెట్టిన చేత్తోనే దానికీ బొట్టు పెడతాడు. పెట్టీ పెట్టీ కుంకుమ అట్టకట్టి, అది ఏ సంవత్సరం కాగితమో కనపడదు. ‘రెన్యువల్ చేయించినావా నాయనా’ అని అడిగితే, ‘స్వామి దయ’ అన్నాడు. స్వామికి రెన్యువల్ అక్కర్లేదు కానీ వాడికి కావాల కదా. నా జాకెట్టు కూడా ఇంకా వాడి దగ్గరే ఉండాది.

వీళ్లను పట్టుకోని అడిగేది సులువు. మందంగళ్ల సంగతి చూడండి. 2024 అక్టోబరులో రాష్ట్రమంతా 3,396 అంగళ్లకు లాటరీ తీసినారు. దరఖాస్తు ఒక్కోటీ 2 లక్షలు, అంగడి తగలకపోయినా తిరిగి రావు. 89,882 దరఖాస్తులు. గుణించుకోండి, 1,797 కోట్లు, ఒక్క సీసా మూత తీయకముందే. అందులో మనోళ్లు ఎంతమంది పెండ్లాల గాజులు కుదవ పెట్టినారో నేను చెప్పను, మీరూ అడగొద్దు. మొన్న 2025లో పర్మిట్ రూములు కూడా మళ్లీ వచ్చినాయి. ఈ నిర్ణయాలు మన కౌన్సిల్లో జరిగేవి కాదు, పైన జరుగుతాయి. బడికీ గుడికీ ఇంత దూరం ఉండాలని నిబంధన ఉంది. కానీ ఆ అంగడి మన వీధి మొగదలకు వస్తా ఉందని మనకు తెలిసేది లేత నీలం కాగితంతో కాదు, షట్టరుకు రంగు వేసే రోజు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు 1990ల మొదట్లో సారా మీద తిరగబడినారే, వాళ్లకు నోటీసు ఎవరూ అంటించలేదు. ఊరి సంగతి వాళ్లే పట్టించుకున్నారు.

దోవ మళ్లిస్తే జనం ఊరికే అరుస్తారనుకుంటారు ఆఫీసుల్లో. నేనొప్పుకోను. మే నెలలో నడివీధి గంగమ్మ జాతర వస్తే బజారు వీధి అంతా అమ్మదే. బండ్లు పోవు, పోలీసోళ్లు తాళ్లు కట్టి ఎటెటో తిప్పుతారు. ఎవరైనా నోరెత్తినారా? ఎప్పుడొస్తాదో తెలుసు, ఎన్నాళ్లో తెలుసు, అయిపోయినాక వీధి మళ్లీ వీధి అయిపోతాదనీ తెలుసు. తిరుపతిలో శ్రీనివాస సేతు కట్టినన్నాళ్లూ, 2023 సెప్టెంబరులో తెరిచేదాకా, మా వదిన రేణిగుంట రోడ్డు మీద రోజుకో సందులో తేలేది. ఆమెకు కోపం వంతెన మీద కాదు. రేపు ఏ దోవో ఈరోజు చెప్పే వాళ్లు లేరని.

2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది, అడ్డంలేని ఫుట్‌పాతు నడిచేవాడి బతికే హక్కులో భాగమని. కుంటుతా నడిచే వాళ్లూ, చక్రాల కుర్చీలో పోయే వాళ్లూ పోగలిగేటట్టు ఉండాలని. 1989లో అదే కోర్టు వీధిలో అమ్ముకోవడమూ హక్కేననింది, అయితే ఫలానా తావే కావాలని పట్టుబట్టే హక్కు లేదనింది. రెండూ న్యాయంగానే ఉండాయి. నడిచే వాళ్లకూ అమ్ముకునే వాళ్లకూ మధ్య కాళ్లు చాపుకోని కూర్చున్న మూడో వాళ్ల సంగతే ఎవరూ ఎత్తరు. సొంత మిద్దె, సొంత షట్టరు, ఇంటి పన్ను రసీదు అన్నీ ఉన్నోళ్లు. బండ మీద మెట్టు, మెట్టు మీద ర్యాంపు, ర్యాంపు మీద బండి. జేసీబీ వచ్చిన పొద్దు ముందు కదిలేది గంప, ఎందుకంటే గంప ఎత్తడం సులువు. సిమెంటు మెట్టు మాత్రం ఫోన్లు చేసుకోని నిలబడిపోతాది. నా లెక్కలో మన ఊరి ఫుట్‌పాతును జాస్తిగా మింగింది పూలమ్మలు కాదు, మనమే.

అందుకని మీకో పని చెప్తా ఉండా. రేపు ఎట్లాగూ మీరు వార్డు సచివాలయానికి పోతారు కదా, మీ అత్తగారి పింఛను సంగతి అడగడానికి. ఆ నోటీసు బోర్డు నిలబడి చదవండి. వెండింగ్ కమిటీలో ఎవరుండారో, మన వీధి ఏ జోనులో పెట్టినారో అడిగి కనుక్కోండి, నాకూ వచ్చి చెప్పండి. పోయే ముందు టేపు తీసుకోని మీ గేటు ముందర ర్యాంపు కొలిచి చూసుకోండి. కాలవ దాటి అడుగున్నర బయటికి వచ్చింది. నేను మొన్ననే చూసినాలే.