ఎవరిని చూచి భయం?

గత వేసవి సెలవులకు మా చెల్లెలి పిల్లలిద్దరూ గుంటూరు నుండి అచ్చంపేటకు వచ్చారు. అచ్చంపేట అనగానే నల్లమల అంచున ఉన్న తెలంగాణ పట్టణము కొందరికి జ్ఞప్తికి రావచ్చును. మాది పల్నాటి అచ్చంపేట. కృష్ణానదికి దక్షిణపు ఒడ్డున ఉన్న మండలము, 2022 ఏప్రిల్ వరకు గుంటూరు జిల్లాలోనిది. కళ్ళాలలో మిరపకాయల ఎరుపు ఇంకా పూర్తిగా తరిగిపోని రోజులవి. పిల్లలలో పెద్దది 13 సంవత్సరముల బాలిక. చిన్నవాడికి 10.

వచ్చిన మూడవనాడు మా మేనకోడలు నా ప్రక్కన కూర్చుని, "మామూ, 'మసూద' సినిమా నేను చూడవచ్చునా?" అని అడిగింది.

తరగతి గదిలో ఎన్నో ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పే నేను, ఈ ప్రశ్నకు వెంటనే సమాధానము చెప్పలేకపోయాను. "రేపు చెబుతాను" అని తప్పుకున్నాను. చెల్లెలికి ఫోను చేస్తే, "మీ ఇష్టం భాయిజాన్, రాత్రి లేచి ఏడిస్తే మాత్రం మీరే మేలుకోవాలి" అని నవ్వి ఊరుకున్నది.

ఇటువంటి సందర్భములలో ప్రభుత్వము ఏమి చెప్పినదో వెదకుట ఉద్యోగస్థుల అలవాటు. 1952 నాటి సినిమాటోగ్రఫీ చట్టము క్రింద చాలాకాలము రెండే గుర్తులు ఉండేవి: అందరికీ 'యు', పెద్దలకు మాత్రమే 'ఏ'. ఈ రెండింటికి నడుమ 1983లో 'యు.ఏ.' వచ్చినది, 12 ఏండ్ల లోపు పిల్లలు పెద్దల మార్గదర్శకత్వముతో చూడవలెనని దాని భావము. 2023లో చట్టమును సవరించి, ఆ నడిమి గుర్తును 7, 13, 16 సంవత్సరములుగా మూడు పాయలు చేశారు. ఫోనులలో, టెలివిజనులలో అంతర్జాలము ద్వారా వచ్చే చిత్రములకు అంతకుముందే, 2021 నిబంధనలలో, ఇటువంటి విభజనయే ఉన్నది. ఇంతవరకు బాగున్నది. అయితే 2023 సవరణలో ఒక మాట నన్ను ఆపివేసినది. ఈ వయస్సు గుర్తు తల్లిదండ్రులు, సంరక్షకులు ఆలోచించుకొనుటకేనట; వారు తప్ప మరెవ్వరూ దానిని అమలుపరచజాలరట. అనగా తీర్పు తిరిగి తిరిగి మా వసారాలోనికే వచ్చి పడినది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సినిమా సంగతి కాదు. దాదాపు నలభై సంవత్సరముల క్రిందటి ఒక సంగతి.

అప్పుడు నాకు 12 ఏండ్లు, తమ్మునికి 8. అది క్షుద్రవిద్యల కాలము. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' నవలను పెద్దలు చదివి చెబుతుంటే మేము చెవులప్పగించి వినేవాళ్ళము. ఆయన నవల ఆధారముగానే 1986లో 'కాష్మోరా' చిత్రము కూడా వచ్చినది. ఆ గాలిలో వచ్చిన మరొక సినిమాను (దాని పేరుతో ఇక్కడ పని లేదు) ఒక డేరా హాలులో నేల టిక్కెట్టు కొని చూచాము. తమ్ముని చేయి పట్టుకొని తీసుకొని వెళ్ళినవాడిని నేనే. తెరపై మొదట పెద్ద 'ఏ' అక్షరము కనిపించినది. దానిని చూచి ఎవరూ మమ్ములను లేపి పంపలేదు, మేమూ లేవలేదు.

మా వీధిలో ఉడకబెట్టిన వేరుశనగకాయలు గంపలో పెట్టుకొని అమ్మే ఒక వృద్ధురాలు ఉండేది. ఒంటరిది. నా అనేవారు లేరు. సినిమా చూచిన వారము లోపలనే తమ్మునికి జ్వరము వచ్చినది. ఆ ఉదయమే మూడు దారుల కూడలిలో, కుంకుమ పూసిన నిమ్మకాయ కనిపించినది. ఎవరో దిష్టి తీసి పారవేసి ఉంటారు. కాని నా బుర్రలో నిమ్మకాయ, జ్వరము, ముసలమ్మ ఒక్క త్రాటిపైకి వచ్చేశాయి. స్నేహితులకు చెప్పాను. వారు మరికొందరికి చెప్పారు. పిల్లలు ఆమె వద్ద కాయలు కొనడము మానివేశారు. ఒక సాయంకాలము ఎవరో ఆమెపై రాయి విసిరారు. ఎవరో కాదు, నేనే. కనుబొమ్మపై తగిలి నెత్తురు వచ్చినది.

అమ్మీ నన్ను రెక్క పట్టుకొని, మరొక చేతిలో పసుపు తీసుకొని ఆమె గుడిసెకు నడిపించినది. ఆమె నన్ను తిట్టలేదు. అసలు నా వైపు చూడలేదు. మరునాటి నుండి గంపతో వేరే వీధికి వెళ్ళేది. తమ్ముని జ్వరము నాలుగు రోజులలో తగ్గినది. అది చలిజ్వరమని డాక్టరు గారు మందు ఇచ్చారు. చేతబడి చేశారన్న అనుమానముతో మనుషులను కొట్టిన, చంపిన వార్తలు నేటికీ పత్రికలలో కనబడుతూనే ఉంటాయి. ఆ వార్త కనబడినప్పుడెల్లా నా కుడి చేయి నాకు గుర్తుకు వస్తుంది.

కావున 'పిల్ల భయపడుతుందా?' అన్నది నాకు పెద్ద ప్రశ్నగా తోచలేదు. భయపడుతుంది. అందుకే కదా చూస్తామంటున్నారు! సినిమా అయిపోయిన తరువాత ఆ భయము ఎవరి గుమ్మము ముందు వెళ్ళి నిలుచుంటుంది? నా బెంగ అంతా అది.

పిల్లల భయములను గూర్చి అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో జోన్ క్యాంటర్ అనే ఆచార్యురాలు చాలాకాలము పరిశోధించినది. పసివారు రూపమును చూచి భయపడతారని ఆమె చెప్పినది. మంచి మనిషి ఒక్కసారిగా పచ్చని భూతాకారుడైపోయే 'హల్క్' ధారావాహికలో చిన్న పిల్లలను బెదరగొట్టినది ఆ మార్పేనట. కొంత ఎదిగిన పిల్లలకు వికృతరూపము కంటె, 'ఇది నిజముగా జరగవచ్చును' అనే ఊహ ఎక్కువ భయము. మా చిన్నవానికి, పెద్దదానికి ఒకే కొలత పనికిరాదని దీనివలన తేలినది.

ఆ కొలతతో మన చిత్రములను ఒక్కొక్కటే తలచుకున్నాను. 1951 నాటి 'పాతాళభైరవి'లో ఎస్.వి. రంగారావు గారి నేపాళ మాంత్రికుడు పసివాడిని కూడా ఏమీ చేయడు. అటువంటి మనిషి మన వీధిలో లేడు. 1992లో రామ్‌గోపాల్ వర్మ తీసిన 'రాత్రి' 13 ఏండ్ల పిల్లను గట్టిగానే ఒణికిస్తుంది. కాని ఆ భయము ఒక ఇంటిది, ఒక పిల్లిది, జనము లేని సినిమాహాలుది. ఏ పొరుగువారి మీదికీ పోదు. పిల్లుల సంగతి నేను చెప్పలేను! 2005లో వచ్చిన 'చంద్రముఖి'లో వైద్యుడు వచ్చి, అది దయ్యము కాదు, మనోవ్యాధి అని విప్పి చెబుతాడు. మంచిదే అనుకున్నాను. ఆ తరువాత ఒక పాఠశాలలో మూర్ఛ వచ్చిన బాలికను తోటివారు ఆ పేరుతోనే పిలుస్తుండగా విన్నాను. 2009 నాటి 'అరుంధతి'లోని పశుపతి వలన కలిగే భయము దయ్యపు భయము కంటె ముందు స్త్రీని వేటాడే మగవాని భయము. అది 13 ఏండ్ల బాలికకు అర్థమవుతుంది. కావుననే మరికొన్నాళ్ళు ఆగవలసినది.

అయితే ఆ 'అరుంధతి'లోనే ఆమె పక్షాన నిలిచి సాయపడేవాడు అన్వర్ అనే ఫకీరు. బాలనాగమ్మ కథలో చిలుకలో ప్రాణము దాచుకొన్న మాయల ఫకీరును విని పెరిగిన మా ఇంటివారికి, ఆ అన్వరును చూచి ఎంత ఊరట కలిగినదో ఈ పత్రిక చదివే చాలామందికి వేరుగా చెప్పనక్కరలేదు.

మరునాటి రాత్రి 'మసూద'ను ఒంటరిగా, తలుపు వేసుకొని చూచాను. 2022 నవంబరులో వచ్చిన చిత్రము, దర్శకుడు సాయికిరణ్. భర్తకు దూరముగా ఉన్న ఒక తల్లి, ఆమె కూతురు నాజియా, ఆ పిల్లను ఆవహించిన ఒక ప్రేతము. ఆ ప్రేతము నల్లని బురఖాలో వస్తుంది. నిజము చెప్పాలంటే రెండు మూడు చోట్ల నేనే కాళ్ళు పైకి ముడుచుకొన్నాను. ఆ పిల్లను కాపాడుటకు పూనుకొనే పెద్దమనిషి ఒక పీర్ బాబా. శుభలేఖ సుధాకర్ వేసిన పాత్ర. కూతురి కోసము ఆ తల్లి పడే యాతన నన్ను కదిలించినది. ఫోను ఆపి తల ఎత్తితే ఎదుటి చిలుకకొయ్యకు అమ్మీ బురఖా వ్రేలాడుతున్నది. అరవై ఏండ్లుగా ఆ ఇంట్లో ఏదో ఒక కొయ్యకు వ్రేలాడుతున్న వస్త్రము.

ఉదయము మేనకోడలితో, "ఇంకో రెండేండ్లు ఆగుదాం బేటీ" అన్నాను.

ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత నేల వైపు చూస్తూ, "మామూ, వానాకాలంలో నేను నల్ల దుపట్టా తలమీద కప్పుకుని బస్సు దిగాను కదా, అప్పటి నుంచి మా క్లాసులో ఒకమ్మాయి నన్ను ఆ పేరుతోనే పిలుస్తున్నది. అదెవరో నేను చూడవద్దా?" అన్నది.

విద్యార్థి మిత్రులారా, మీలో చాలామందికి ఈ వయస్సు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు. వారు ఒక సినిమా అడిగినప్పుడు, అది ఎందుకు అడుగుతున్నారో నేను అడిగినంత ఆలస్యముగా అడగకండి.

ఆ మధ్యాహ్నమే చూచాము. వీధి తలుపు బార్లా తెరిచి, వెలుతురు పడే చోట కూర్చున్నాము. చిన్నవాడిని మా తమ్ముడు మాదిపాడు రేవులో కృష్ణను చూపించుటకు తీసుకొని వెళ్ళాడు. వానికి ఈ చిత్రము వద్దని నేను గట్టిగానే నిశ్చయించాను, వాడు గట్టిగానే అలిగాడు. సగములో అమ్మీ వచ్చి మా వెనుక కూర్చున్నది. భయంకరమైన ఘట్టము వచ్చినప్పుడు పిల్ల నా భుజము పట్టుకొన్నది. సరిగ్గా అప్పుడే అమ్మీ, "ఏమ్మా, ఆ బురఖాకు ఇస్త్రీ అయినా లేదు, ఎవరి కోడలు?" అన్నది. పిల్ల భయములోనే నవ్వినది. అయినను ఆ రాత్రి దీపము ఆర్పవద్దన్నది; రెండు రాత్రులు అమ్మీ ప్రక్కలోనే పడుకొన్నది. మూడవనాటి సాయంకాలము అమ్మీ బజారుకు వెళ్ళుటకు లేస్తే, కొయ్య మీది బురఖాను తానే తీసి ఇచ్చినది.

బడులు తెరిచిన తరువాత జూన్ నెలాఖరున ఫోను చేసినది. ఆ అమ్మాయి మళ్ళీ అదే పేరుతో పిలిచినదట. "సినిమా చివరిదాకా చూశావా?" అని మా పిల్ల అడిగినదట.

లేదట. భయము వేసి మధ్యలోనే ఆపివేసినదట.

"మరి నువ్వేమన్నావు?" అన్నాను.

"మిగతా కథ చెప్పమన్నది మామూ. లంచ్ బెల్లులో సగం చెప్పాను. మిగిలింది రేపు."