పదహారు గ్రాముల తొండ

మా హోసూరు వైపు తొండకు మూడు పేర్లు. మా ఇళ్ళల్లో తొండ, కన్నడం వాళ్ళకు ఓతిక్యాత, తమిళం వాళ్ళకు ఓణాన్. ఏ భాషలో పిలిచినా పిల్లకాయల దగ్గర దానికి దొరికే మర్యాద ఒక్కటే, రాయి. కంచె మీద కూర్చుని తల ఊపుతుంటే మమ్మల్ని వెక్కిరిస్తోంది అనేవాళ్ళం. గొంతు ఎర్రబడితే మన నెత్తురు పీలుస్తోంది అనేవాళ్ళం. అది జత కట్టే కాలంలో మగదానికి వచ్చే రంగు అని మాకెవరూ చెప్పలేదు. తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు అని సామెత కూడా ఉండనే ఉంది. తొండ ఎంత ముదిరినా తొండే, ఊసరవెల్లిది వేరే కుటుంబం. అయినా సామెతతో వాదించి గెలిచినవాడెవడు?

ఈ ఉపోద్ఘాతం ఎందుకంటే, కిందటేడు జూన్, జూలై నెలల్లో బ్యాంకులో మిగిలిన సెలవంతా పెట్టి సిడ్నీలో మా అమ్మాయి దగ్గరకు వెళ్ళిన నేను, ఊరు చూసింది తక్కువ, ఒక తొండపిల్లకు చాకిరీ చేసింది ఎక్కువ.

దాన్ని అక్కడ బియర్డెడ్ డ్రాగన్ అంటారు. పేరు వింటే రాక్షసి అనిపిస్తుంది గాని, గాజుపెట్టెలో చూస్తే జానెడు కూడా లేదు, అందులోనూ సగం తోకే. మూడు నెలల పిల్ల. ఆస్ట్రేలియా లోపలి ఎండు నేలలు దాని సొంత ఊరు. గొంతు కింద ముళ్ళ ముళ్ళుగా తోలు ఉంటుంది. కోపమొచ్చినా భయమేసినా దాన్ని ఉబ్బించి నల్లగా చేస్తుంది, గడ్డం పేరు అందుకే. జంతుశాస్త్రం లెక్కలో ఇది మన తొండ కుటుంబమే. అంటే మేం రాళ్ళు విసిరినవాటి దాయాదికి మా మనవరాలు బిస్కెట్ అని పేరు పెట్టుకుంది. ఆడో మగో ఆ వయసులో తేలడం కష్టం. పైగా గుడ్లకు వేడి మరీ ఎక్కువైతే మగ కావలసిన పిల్లలు కూడా ఆడవై పుడుతున్నాయని 2015లో అక్కడి పరిశోధకులు ప్రకటించారట. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో దీన్ని పెంచాలంటే ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. అల్లుడి పేరు మీద తీసుకున్నారు. ముప్పై ఏళ్ళుగా మనుషుల కాగితాలు తిరగేస్తున్నవాణ్ణి, తొండ కాగితాలు చూడటం అదే మొదలు.

నేను వెళ్ళిన వారానికి అది తిండి మానేసింది. జూన్ అంటే అక్కడ చలికాలం. పక్కింటాయన దగ్గర పెద్దది ఒకటి ఉంది, "నిద్రకు పడి ఉంటుంది, వదిలేయండి" అన్నాడు. పెద్దవి చలికాలంలో వారాల తరబడి కదలకుండా పడుకునే మాట నిజమే. ఏడాది నిండని పిల్ల తిండి మానేస్తే మాత్రం అది నిద్ర అనుకోకూడదట. మనవరాలు ఆ మాట నమ్మలేదు. "తాతా, దాని చెయ్యి చూడు" అంది. చూస్తే వేళ్ళు సన్నగా అదురుతున్నాయి. కీచురాయిని చూసి నాలుక చాస్తుంది, గురి తప్పుతుంది, మళ్ళీ పొట్ట నేలకు ఆనించి పడి ఉంటుంది.

తొండలకూ పాములకూ వేరే డాక్టరమ్మ ఉన్నారు. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని చిటికెన వేలితో కింది దవడ తాకారు. దవడ రబ్బరులా వంగింది. ఎక్స్‌రేలో ఎముకలు పొగమంచులో చెట్లలాగా కనిపించీ కనిపించకుండా ఉన్నాయి. ఒంట్లో కాల్షియం లేదు. దోషం దీపానిదని తేలింది. ఆ గాజుపెట్టెలో రెండు దీపాలుండాలి. ఒకటి వేడికి, దాని కింద రాయి నలభై డిగ్రీల దాకా కాగాలి, లేకపోతే తిన్నది అరగదు. రెండోది ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు ఇచ్చేది. అవి చర్మం మీద పడితేనే డి విటమిను తయారవుతుంది, అది ఉంటేనే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. మావాళ్ళు పెట్టెనూ దీపాలనూ ఎవరో వాడినవి కొన్నారు. దీపం వెలుగుతూనే ఉంది. మర్నాడు పట్టుకెళ్ళి మీటరు పెట్టిస్తే అందులో కిరణాలు లేవు. వెలుగు తగ్గకపోయినా ఆరు నెలలకో ఏడాదికో మార్చేయాలట.

నేను బీకాం చదివినవాణ్ణి. డివిడెండు లాభంలోంచి ఇవ్వాలి గాని మూలధనంలోంచి ఇవ్వకూడదన్నది మాకు చెప్పిన మొదటి పాఠాల్లో ఒకటి. డాక్టరమ్మ చెప్పింది నాకు అలాగే అర్థమైంది. నెత్తుట్లో కాల్షియం పడిపోతే కండరాలు, గుండె పని చేయవు. అందుకని బయటి నుంచి రానప్పుడు ఒళ్ళు ఎముకల్లోంచి తీసి నెత్తుటికి ఇస్తుంది. చెల్లింపులన్నీ సకాలంలో జరుగుతుంటాయి, లోపల అసలు కరిగిపోతుంటుంది. అలా నడిచే కంపెనీల బ్యాలెన్సుషీట్లు నా టేబులు మీదికి చాలా వచ్చాయి. వేళ్ళు వణికేదాకా అక్కడా ఎవరికీ తెలియదు.

మా ఆవిడ "ఇన్ని దీపాలెందుకు, కిటికీ పక్కన ఎండలో పెడదాం" అంది. కిటికీ అద్దం ఆ కిరణాలను లోపలికి రానివ్వదట. మా ఊరి కంచె మీద తొండకు ఊరికే దొరికేదాన్ని ఇక్కడ ట్యూబు కొని ఇవ్వాలి.

డాక్టరు, ఎక్స్‌రే, మందు, ట్యూబు అంతా కలిపి మూడు వందల ఎనభై డాలర్లయింది. తొండను కొన్నది ఎనభైకి. మా అల్లుడు గుంటూరు వైపు అబ్బాయి, మంచివాడు, లెక్క మనిషి. ఆ రాత్రి మెల్లగా "మామయ్యా, అలాంటిదే ఇంకోటి తెచ్చి పెడితే పాపకు తెలియదేమో" అన్నాడు. లెక్క ప్రకారం అందులో తప్పు లేదు. నా ఉద్యోగంలో సగం పశువుల లెక్కే. కృష్ణగిరి జిల్లాలో పాడి ఆవులకు లోన్లిచ్చి, చెవికి బిళ్ళ వేయించి, ఇన్సూరెన్సు చేయించేవాళ్ళం. ఆవు చస్తే బిళ్ళ తెచ్చి చూపాలి, బిళ్ళ లేకపోతే క్లెయిము లేదు. ఒకసారి డెంకణికోట అవతలి నుంచి ఒక రైతు బిళ్ళను చెవి ముక్కతో సహా కాగితంలో చుట్టి తెచ్చి నా ముందు పెట్టాడు. క్లెయిము వచ్చింది, లోను తీరింది, ఇంకొంచెం మిగిలింది కూడా. సంతకం పెట్టి డబ్బు తీసుకుని వెళుతూ వెళుతూ వెనక్కి వచ్చి, "ఆ బిళ్ళ మళ్ళీ ఇస్తారా సార్" అని అడిగాడు. ఇచ్చే రూలు లేదు.

అల్లుడికి ఆ సంగతి చెప్పలేదు. "బిల్లు నేను కడతాలే బాబూ" అన్నాను. కట్టనివ్వలేదనుకోండి, అది వేరే.

ఇక చాకిరీ. పొద్దున ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ కాల్షియం సిరప్. సిరంజితో పెదవి అంచున ఒక్కొక్క చుక్క పెడితే తనే నాకుతుంది. నోరు బలవంతాన తెరిస్తే దవడ విరుగుతుంది. పైనుంచి పట్టుకోకూడదు, పైనుంచి వచ్చేదల్లా దానికి గద్దే. అరచెయ్యి కింద నుంచి పోనిచ్చి ఒళ్ళంతా ఆనేటట్టు ఎత్తాలి. గోరువెచ్చని నీళ్ళలో కాళ్ళు మునిగేంత వరకు స్నానం. పెట్టే కీచురాయి దాని రెండు కళ్ళ నడుమ ఎడం కంటె పెద్దది కాకూడదు. కీచురాళ్ళను సంచిలో వేసి కాల్షియం పొడి చల్లి ఊపాలి, మరమరాలకు కారం పట్టించినట్టు. కోడిగుడ్డును గడప తొక్కనివ్వని మా ఆవిడ ఆ కీచురాళ్ళకు క్యారెట్ తురిమి పెట్టేది, వాటి కడుపులో ఉన్నదే దీనికి పోతుంది కాబట్టి. "చంపడానికి మేపుతున్నాం, ఏం పాపమో" అంటూనే రోజూ తురిమేది. పాలకూర మాత్రం పెట్టవద్దన్నారు, ఉన్న కాల్షియాన్ని కూడా అది కట్టేస్తుందట.

అమ్మాయి ఫోనులో రాసుకుందాం అంది. నాకు పుస్తకం కావాలి. గీతలు కొట్టి అయిదు గళ్ళు చేశాను: తేదీ, బరువు, వేడి, మందు, తిండి. వంటింటి త్రాసు మీద డబ్బా పెట్టి, డబ్బా బరువు తీసేసి తూచేవాళ్ళం. మొదటి రోజు 16 గ్రాములు. తర్వాత 16. తర్వాత 16. ఆరో రోజు 15. పదిహేను రాసిన రాత్రి రెండుసార్లు లేచి వెళ్ళి చూశాను. పొట్ట పక్క ఊపిరి ఆడుతోందో లేదో చూడాలంటే కళ్ళద్దాలు పెట్టుకుని అద్దానికి ముక్కు ఆనించి నిలబడాలి. రెండోసారి వెళ్ళేసరికి మనవరాలు అప్పటికే అక్కడ దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. ఇద్దరం మాట్లాడుకోలేదు.

దానికి ఏడేళ్ళు. తెలుగు వింటుంది, ఇంగ్లీషులో బదులిస్తుంది, అక్షరాలు రావు. రోజూ పొద్దున్నే నా పుస్తకం తెరిచి చివరి గడిలో వేలు పెట్టి ఏం రాశావని అడిగేది. "తినలేదు" అని చదివేవాణ్ణి. తొమ్మిది రోజులు ఒకే మాట. ఆ మాట దానికి బొమ్మలాగా గుర్తుండిపోయింది. పదో రోజు అది బడికి వెళ్ళినప్పుడు బిస్కెట్ రెండు కీచురాళ్ళను పట్టుకుంది. ఒకటి జారింది, మళ్ళీ పట్టుకుంది. సాయంత్రం పిల్ల వచ్చి పుస్తకం తెరిచి, "తాతా, ఇది వేరే మాట" అంది. అవును, "తినింది" అని రాశాను. చదివి వినిపిస్తే పుస్తకం పట్టుకుని ఇల్లంతా తిరిగింది. అల్లుడు చూసి "తిన్నది కదండీ" అన్నాడు. మా హోసూరులో తినిందే. గుంటూరు వాళ్ళు మా తెలుగు దిద్దడం మాకు కొత్త కాదు గనక ఊరుకున్నాను.

తర్వాత 17, 19. నేను బయలుదేరే నాటికి 22. వేళ్ళ వణుకు పోయింది. దవడ గట్టిపడింది గాని ఎడమ పక్కకు కాస్త వంకరగా గట్టిపడింది, అది ఇక మారదన్నారు, తినడానికి అడ్డం కాదన్నారు. ఒక పొద్దున నన్ను చూసి ముందు చెయ్యి ఎత్తి గుండ్రంగా తిప్పింది. మనవరాలు అది టాటా అంటుంది. నిజానికి చిన్నవి పెద్దవాటికి చేసే దండం అది, నేను చిన్నదాన్ని, నన్నేం చెయ్యకు అని. పిల్లకు నేను టాటా అనే చెప్పాను.

పుస్తకం దానికే వదిలి వచ్చాను. ఆదివారం ఆదివారం పేజీ ఫొటో తీసి పంపుతుంది. ట్యూబు మార్చిన తేదీ పై మూలన ఎర్రసిరాతో ఉంది. నాలుగు గళ్ళు ఇంగ్లీషులో రాస్తుంది, తిండి గడి ఒక్కటి తెలుగులో. పోయిన ఆదివారం బరువు 190. తిండి గడిలో సున్నా మరీ పెద్దదిగా పెట్టి, తినింది.